నలభై మూడు శాలువాలు

(విజయవాడలో నాట్య గురువులు, నృత్య సమితుల నిర్వాహకులు కలుసుకున్న సమావేశంలో తెనాలికి చెందిన ఒక చిన్న నృత్య సమితి కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, గురువులకు, వెనక వరసలో గజ్జెల సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మాయిలకు నమస్కారం.

ముందే చెప్పేస్తాను, నాకు నాట్యం రాదు. చిన్నప్పుడు ఆరు నెలలు నేర్చుకున్నాను. నేను అడుగు వేస్తే నేల అదిరేది కానీ తాళంలో పడేది కాదు. మా గురువుగారు మంచి మనిషి. పొమ్మనకుండా నన్ను తంబురా పక్కన కూర్చోబెట్టారు. (నవ్వులు) తర్వాత చదువు, బ్యాంకు ఉద్యోగం, ముప్ఫై నాలుగేళ్ల జమాఖర్చులు. అందుకని రసం గురించీ భావం గురించీ మాట్లాడమంటే నా వల్ల కాదు. డబ్బు గురించీ జనం గురించీ మాట్లాడతాను. మన సభల్లో వీటి గురించి ఎవరూ పైకి మాట్లాడరు, గ్రీన్ రూములో మాత్రం అందరూ వీటి గురించే గొణుక్కుంటారు.

మా నాన్నగారు మృదంగం వాయించేవారు. కూచిపూడి నాట్యానికి వాయించడంలో ఆయనకు పేరు. ఊళ్లు తిరిగారు, రైళ్లలో మృదంగాన్ని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. ఆయన పోయాక ట్రంకు పెట్టె తెరిచాం. అందులో నలభై మూడు శాలువాలు ఉన్నాయి. కొన్నిటికి ధర చీటీ కూడా ఊడలేదు. వాటి అడుగున ఒక చిన్న నోటు పుస్తకం దొరికింది. ఎవరెవరి నుంచి ఎంత రావాలో అందులో రాసుకున్నారు. ఆయన ఇచ్చిన అప్పులు కావు అవి. ‘కార్యక్రమం అయ్యాక పంపిస్తాం మాస్టారూ’ అన్న డబ్బు. శాలువాలు కప్పినవాళ్ల పేర్లే ఆ పుస్తకంలోనూ ఉన్నాయి. మా అమ్మ శాలువాలను ఒక్కొక్కటే విప్పి చూసి, ‘బాగానే ఉన్నాయి, ఎసట్లో పోయడానికే పనికిరావు’ అంది.

మా సమితి ఆ పెట్టెలోంచి పుట్టింది. సంఘం రిజిస్టరు చేయాలంటే 2001 నాటి సంఘాల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. మా ఏడుగురిలో నలుగురు మా ఇంట్లోవాళ్లే. ఐదోవారు మా వీధి దర్జీ. ఆయన గురించి మళ్లీ చెబుతాను.

మొదటి సమావేశంలో చేసిన మొదటి తీర్మానం ఇది. కళాకారులకు ఇవ్వవలసిన డబ్బు మేకప్‌కు కూర్చోకముందే చేతిలో పెట్టాలి. కార్యక్రమం అయ్యాక కాదు, మర్నాడు కాదు, చెక్కు కాదు. మొదటిసారి అలా ఇచ్చినప్పుడు ఒక మృదంగ విద్వాంసుడు కవరు చూసి కంగారుపడి, ‘అమ్మా, కార్యక్రమం రద్దయిందా?’ అని అడిగారు. ఆయన అనుభవంలో ముందే డబ్బిచ్చి పంపించింది కార్యక్రమం ఆగిపోయినప్పుడే! నేను నవ్వాను కానీ, మా నాన్నగారి నోటు పుస్తకం గుర్తొచ్చి ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

శాలువాలు పూర్తిగా మానేద్దామని రెండో తీర్మానం. అక్కడ నేను పొరపాటు పడ్డాను. ఒక పెద్ద గాయకులు డబ్బు తీసుకుని, ‘ఇది కూలి ఇచ్చినట్టుందమ్మా’ అన్నారు. నాకు చురుక్కుమంది. ఆయన అన్నది నిజం. బ్యాంకు కౌంటర్లో నోట్లు లెక్కపెట్టి తోసినట్టు తోశాను నేను. అప్పటి నుంచి తాంబూలంలో పెట్టి ఇస్తున్నాం. తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్లు, వాటి మధ్య కవరు. మా ఇంట్లో చిన్నవాళ్లు ఎవరైనా ఇచ్చి కాళ్లకు దండం పెడతారు. పైసా ఖర్చు పెరగలేదు. ఆ గాయకులు ఇప్పటికీ మేము పిలిస్తే వస్తారు.

మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. డబ్బు ఎక్కడిదని. లెక్క చెబుతాను. మాది రహస్యం కాదు, హాలు తలుపు మీద అంటిస్తాం. కిందటి కార్తీకంలో జరిపిన కార్యక్రమానికి హాలు అద్దె 9,000. మైకు, లైట్లు 11,000. నట్టువాంగం (తాళం వేస్తూ నాట్యాన్ని నడిపించడం), గాత్రం, మృదంగం, వయొలిన్ నలుగురికి తలా 5,000 చొప్పున 20,000. నలుగురు నర్తకులకు తలా 3,000 చొప్పున 12,000. మేకప్ 3,500, పూలు 900, రాకపోకలూ టిఫినూ 1,600. మొత్తం 58,000. ఏడాదికి ఇలాంటివి నాలుగు. మా ఊళ్లో 212 ఇళ్లవాళ్లు నెలకు 100 రూపాయల చొప్పున ఇస్తారు. పేపరు బిల్లు, పాల బిల్లు, నాట్యం బిల్లు. ఏడాదికి 2,54,400 వస్తుంది. నాలుగు కార్యక్రమాలకు పోగా 22,400 మిగులుతుంది. ఆ మిగులుతో మృదంగానికి తోలు మార్పించడం, ఎవరికైనా జబ్బు చేస్తే మందులు. పెద్ద దాత ఒక్కరూ లేరు. ఒకాయన ముందుకొచ్చారు, బ్యానరు మీద తన ఫొటో నటరాజు కన్నా పెద్దగా ఉండాలన్నారు. నమస్కారం పెట్టి పంపించాం.

నర్తకులకు 3,000 ఏమిటి, అంత తక్కువా అని ఇక్కడ ఎవరో అనుకుంటున్నారు. తక్కువే. కానీ ఎదురు డబ్బు కట్టి ఆడుతున్న పిల్లలు ఎంతమందో మీకు నాకన్నా బాగా తెలుసు. ప్రవేశ రుసుము, జ్ఞాపిక రుసుము, సర్టిఫికెట్ రుసుము. ఒక అమ్మాయి ఒక ఊళ్లో ఏడు నిమిషాలు ఆడటానికి ఐదు వేలు కట్టింది. ఆ ఊరి పేరు చెప్పను. ఆ రోజు జాబితాలో 64 అంశాలు ఉన్నాయి, ఆమెది 51వది. రాత్రి పన్నెండున్నరకు వేదిక ఎక్కితే ఎదురుగా వాచ్‌మన్, వాళ్ల నాన్న, తర్వాత ఆడవలసిన పిల్లల తల్లులు. గజ్జెలు విప్పుతూ ఆ పిల్ల ఏడ్చింది. మా సమితిలో ఇప్పుడు ఆమే నట్టువాంగం నేర్చుకుంటోంది, అందుకే తెలిసింది.

వేలమంది ఒకేసారి ఆడే మహాబృంద నాట్యాలను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. 2010 డిసెంబరులో హైదరాబాద్ బాలయోగి స్టేడియంలో దాదాపు 2,800 మంది ఒక్క తాళానికి కూచిపూడి ఆడారు. ఎక్కడెక్కడి దేశాల నుంచో పిల్లలు వచ్చారు. అంతమంది కాలు ఒక్కసారి నేల మీద పడటం గొప్ప సంగతే. అది పండుగ. ఏడాదికోసారి సంక్రాంతి వస్తుంది కదా అని మిగతా రోజుల్లో వంట మానేయం. నేను చెప్పేది మిగతా రోజుల వంట గురించి.

ఈ వంట మనకు కొత్తది కూడా కాదు. ఇక్కడికి గంటన్నర దూరంలో, మొవ్వ మండలంలో ఉన్న కూచిపూడి అనే పల్లెటూరు కొన్ని వందల ఏళ్లు చేసిన పని అదే. మనం కూచిపూడి అనగానే ఒక నాట్య శైలి అనుకుంటాం. ఆ ఊరివాళ్లకు అది మేళం. మేళం అంటే ఒక సంస్థ. గురువు, సూత్రధారుడు, వేషధారులు, పక్కవాద్యాలు అన్నీ ఆ గుంపులోనే. వేదాంతం, వెంపటి, చింతా, భాగవతుల, పసుమర్తి, మహంకాళి, ఇలా కొన్ని ఇంటిపేర్లు. సిద్ధేంద్రయోగి ఆ కుటుంబాల మగపిల్లల చేత ఒట్టు వేయించారని, ప్రతివాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నారని సంప్రదాయం చెబుతుంది. గోల్కొండ తానీషా వాళ్ల ఆట చూసి ఆ ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని కూడా చెప్పుకుంటారు. మామూలుగా మనం ఈ రెండు కథలూ భక్తిగా చెప్పి వదిలేస్తాం. నేను బ్యాంకు మనిషిని కదా, నాకు వేరేగా కనిపిస్తాయి. మొదటిది శిక్షణకు పూచీ. రెండోది తిండికి పూచీ. ఒక ఊరి కళ నిలబడాలంటే రెండూ కావాలని వాళ్లకు తెలుసు.

మేళం ఊళ్లు తిరిగేది. ఆ తిరగడం ఎలా ఉండేదో నాకు ఒక్క జ్ఞాపకం ఉంది. నాకు తొమ్మిదో పదో ఏళ్లు. మా అమ్మమ్మగారి ఊళ్లో సత్యభామ కథ, భామాకలాపం ఆడారు. గుడి ముందు పందిరి. కరెంటు ఉంది కానీ పెద్దవాళ్లు పట్టుబట్టి రెండు దివిటీలు పెట్టించారు. ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడ్డారు. దివిటీ మీద గుప్పెడు గుగ్గిలం పొడి చల్లితే భగ్గున మంట లేచింది. ఆ వెలుగులో తెర మీదుగా ఒక జడ బయటికి వచ్చి పడింది. మనిషి కనిపించలేదు, జడ ఒక్కటే. నాగరం, చంద్రవంక, జడకుచ్చులు అన్నీ ఆ మంటలో మెరిశాయి. నన్ను విద్యలో ఓడించగలవాళ్లు ఉంటే ఈ జడ కోసేసుకోవచ్చు అని దాని అర్థమట. అప్పుడు నాకు తెలియదు. మా అమ్మమ్మ మాత్రం ‘ఎవడి తరం!’ అంది, తనే వేషం కట్టినట్టు.

తెల్లవారాక ఆ సత్యభామ మా అమ్మమ్మగారి నూతి దగ్గర వేపపుల్లతో పళ్లు తోముకుంటూ కనిపించారు. గళ్ల లుంగీ, నలభై దాటిన మనిషి. కంటి చివర కాటుక ఇంకా పోలేదు. మేళంవాళ్లను ఊళ్లో ఇంటికి ఇద్దరు చొప్పున పంచుకునేవారు, మా ఇంటికి ఆయన వచ్చారన్నమాట. మా అమ్మమ్మ ఇత్తడి గ్లాసుతో కాఫీ తెచ్చి, ‘రా తల్లీ, రాత్రంతా అలిసిపోయావు’ అంది. ఆయన కూడా కళ్లు దించుకుని రెండు చేతులా అందుకున్నారు. (నవ్వులు) ప్రేక్షకుల భాగస్వామ్యం అని ఈ మధ్య ఒక మాట వింటున్నాను. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆ కాఫీ గ్లాసే గుర్తొస్తుంది. మా అమ్మమ్మ కాఫీ ఇచ్చింది కాబట్టి రెండో రాత్రి ముందు వరసలో కూర్చుంది. అది ఆమె సత్యభామ.

మాచుపల్లి కైఫీయతు అనే పాత గ్రామ చరిత్రలో ఉన్న ఒక ఉదంతం మీలో చాలామందికి తెలుసు. కూచిపూడి భాగవతులు సిద్ధవటం సీమ మీదుగా వెళ్తూ, సమ్మెట గురవరాజు పన్నుల కోసం ఆడవాళ్లను హింసించడం చూశారు. విజయనగరంలో వీరనరసింహరాయల ముందు ఆడవలసి వచ్చినప్పుడు ఆ హింసనే వేషం కట్టి చూపించారు. రాయలకు అర్థమైంది, గురవరాజుకు శిక్ష పడింది. దీన్ని మన కళ ఎంత ప్రాచీనమో నిరూపించడానికి వాడుకుంటాం. నాకు అందులో మరొకటి ముఖ్యం. వాళ్లు దారిలో కళ్లు తెరుచుకుని నడిచారు. ఆడబోయే చోట కూర్చున్నదెవరో, వాళ్లతో ఏమి మాట్లాడాలో తెలిసి ఆడారు.

తెలంగాణలో ఊరూరా యక్షగానాలు ఆడే చిందు భాగవతులదీ ఇలాంటి ఏర్పాటే. ఫలానా ఊళ్లు ఫలానా కుటుంబానివి అని తరతరాలుగా హక్కు ఉండేది. వాళ్లను పోషించింది రాజులు కాదు, మాదిగ వాడలు. అన్నం పెట్టే హక్కు ఆ వాడది, ఆడే హక్కు ఆ కుటుంబానిది. పైగా కూచిపూడిలో ఆడవాళ్లకు గజ్జె కట్టించడానికి ఇరవయ్యో శతాబ్దం దాకా ఆగవలసి వచ్చింది, వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారి వంటి గురువు పూనుకోవలసి వచ్చింది. చిందు కుటుంబాల్లో ఆడవాళ్లు అంతకు ముందే వేదిక మీద ఉన్నారు. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ ఆడ వేషాలే కాదు, మగ వేషాలూ కట్టింది. జనగామ ప్రాంతపు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. సంతోషం. కానీ ఆ పురస్కారం మేళం మొత్తానికి పూట గడపదని నేను వేరే చెప్పక్కర్లేదు.

పాత ఏర్పాటు ఎలా చెదిరిందో మీకు తెలుసు. జమీందారీలు పోయాయి, సినిమా వచ్చింది. కూచిపూడి నుంచి వేదాంతం రాఘవయ్యగారు, పసుమర్తి కృష్ణమూర్తిగారు మద్రాసు వెళ్లారు. వెంపటి చినసత్యంగారు వెళ్లి 1963లో అక్కడే కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. మన పిల్లలు ఈ రోజు ఆడే నృత్యరూపకాల తీరు చాలా వరకు ఆ ఇంట్లో తయారైంది. నాకు ఇంకొకరి పేరు తలవాలని ఉంది. బందా కనకలింగేశ్వరరావుగారు. ఏలూరులో వకీలు, రంగస్థల నటుడు. కూచిపూడి కుటుంబంలో పుట్టలేదు. అయినా ఆ ఊళ్లో సిద్ధేంద్ర కళాక్షేత్రం నిలబడటానికి ఆయన తిరిగిన తిరుగుడు ఇంతా అంతా కాదు. 1958లో ఢిల్లీ సదస్సులో కూచిపూడి శాస్త్రీయమా కాదా అన్న వాదన వస్తే, మరుసటి ఏడు హైదరాబాద్‌లో సదస్సు పెట్టి మనవాళ్లు జవాబు చెప్పారు. ఆ పట్టుదలలో ఈ వకీలుగారి పాలు చాలా ఉంది. నాట్యం రానివాళ్లకు కూడా నాట్యంలో బోలెడు పని ఉంటుందని నాకు ధైర్యం ఇచ్చిన మనిషి ఆయన.

సరే, ఇక జనం సంగతి.

జనం రావడం లేదని అందరం అంటాం. మేమూ అన్నాం. మొదటి రెండేళ్లు వచ్చినవాళ్లంతా ఆడే పిల్లల తల్లిదండ్రులు. తమ పిల్ల అంశం అవగానే ఫొటోలు, పూలగుత్తి, స్కూటరు స్టార్టు. చివరి అంశానికి కుర్చీలే ప్రేక్షకులు. ఒకసారి మిరపకాయ బజ్జీలు పెట్టి చూశాం. వచ్చారు, హాలు నిండింది. బజ్జీలు అయిపోగానే హాలు కూడా అయిపోయింది. (నవ్వులు) ఆ ఖర్చు 4,300, ఇప్పటికీ మా పుస్తకంలో ‘ప్రేక్షకులు’ అన్న పద్దు కింద ఉంది.

తర్వాత ఒక పని చేశాం. వేదిక మీద కుర్చీలు తీసేశాం. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి ఎవరూ ఉండరు. ఎవరు వచ్చినా కింద కూర్చుంటారు. ఆరున్నర అంటే ఆరున్నరకు తెర. ఇప్పుడు నేను వేదిక మీద కుర్చీలోంచి లేచి ఈ మాట చెప్పడం కొంచెం ఇబ్బందిగానే ఉంది, మీరు పిలిచారు కాబట్టి క్షమించాలి. దీనివల్ల గంటంబావు మిగిలింది. ఆ గంటంబావులో ఒక యక్షగాన ఘట్టం పూర్తిగా ఆడవచ్చు.

అసలు మార్పు తెచ్చింది మాత్రం మేము అనుకోని పని. హాలు దొరక్క ఒక నెల మునిసిపల్ స్కూలు వరండాలో సాధన పెట్టాం. రోడ్డు వైపు గోడ లేదు. పోయేవాళ్లు ఆగి చూశారు. మొదట పిల్లలు, తర్వాత ట్యూషన్ నుంచి పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన తల్లులు, తర్వాత రిక్షా స్టాండు వాళ్లు. వాళ్లను పట్టి నిలబెట్టింది నాట్యం కాదు, దిద్దడం. గురువుగారు ఒక అమ్మాయిని ఆపి, ‘చెయ్యి వెళ్లిన చోటికి చూపు వెళ్లలేదు, మళ్లీ’ అంటారు. మళ్లీ చేస్తుంది. ‘ఊహూ.’ మూడోసారి. నాలుగోసారి కుదురుతుంది. కుదిరిందని బయట నిలబడినవాడికి కూడా తెలిసిపోతుంది! ‘ఆఁ, ఇప్పుడు వచ్చింది’ అన్నాడు ఒక రిక్షా అతను, గురువుగారి కన్నా ముందు. ఆ రోజు నుంచి రెండో శనివారం సాధన వరండాలోనే. హాల్లో చూసేటప్పుడు ఆ జనానికి ఎక్కడ చూడాలో తెలుసు. చేయి పోయిన చోటికి చూపు పోయిందో లేదో పట్టుకుంటారు. పిల్లలకు ఇప్పుడు పరీక్ష జడ్జీల కన్నా వాళ్లంటేనే భయం.

దర్జీ గురించి చెబుతానన్నాను. ఆయన మా పిల్లల ఆహార్యం కుడతారు. ముందు విసనకర్రలా విచ్చుకునే కుచ్చు ఉంటుంది కదా, అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి కూర్చున్నప్పుడు అది పూర్తిగా విప్పారాలి, లేచినప్పుడు మడత మడతగా మూసుకోవాలి. ఆయన ప్రతి కార్యక్రమానికీ వచ్చి పక్కగా నిలబడి ఆ కుచ్చునే చూస్తారు. ఒకసారి ఒక పిల్ల కుచ్చు సగమే విచ్చుకుంది. కుట్టు తప్పేమోనని ఇంటికెళ్లి విప్పి చూశారట. కుట్టు బాగానే ఉంది. మరునాడు వచ్చి, ‘అమ్మా, ఆ పాప మోకాలు పూర్తిగా వంచడం లేదు, నొప్పేమో కనుక్కోండి’ అన్నారు. నిజమే. మోకాలు వాచి ఉంది, వేషం పోతుందేమోనని చెప్పలేదు.

అప్పుడు మా కళ్లు తెరుచుకున్నాయి. మేము సాధన చేసేది చలువరాయి నేల మీద. రోజూ వందల సార్లు ఆ రాతి మీద పాదం కొడితే మోకాలు ఏమవుతుంది? ఆ ఏడాది ఒక కార్యక్రమం తగ్గించుకుని చెక్క పలకలు కొన్నాం, కింద రబ్బరు పరిచి. తరంగం అనే అంశంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడే పిల్లలకు వేదిక ఎక్కడ ఎగుడుదిగుడు ఉందో ముందే చూసి సుద్దముక్కతో గుర్తు పెడతాం. మెత్తని తివాచీ పరిచిన వేదిక అయితే తివాచీ తీయిస్తాం, లేదా తరంగం మానేస్తాం. కళాకారులకు చేయూత అంటే ఇలాంటివి. పత్రికలో రావు.

మరొకటి. మా ఊళ్లో పెళ్లయిన అమ్మాయిలు ఎంతమంది గజ్జెలు అటక మీద పెట్టేశారో ఒకసారి ఇల్లిల్లూ తిరిగి అడిగాం. పది పన్నెండేళ్లు నేర్చుకున్నవాళ్లు. అందరూ ఒకే జవాబు, ‘సాయంత్రం కుదరదండీ.’ సాయంత్రం వంట, పిల్లల హోంవర్కు, అత్తగారి మందులు. మన నాట్య తరగతులన్నీ సాయంత్రాలే కదా, బడి పిల్లల కోసం. పొద్దున పది నుంచి పన్నెండు దాకా ఒక తరగతి పెట్టాం. పక్క గదిలో చాపలు పరిచాం, చంటిపిల్లలను చూసుకోవడానికి ఒక ఆవిడను పెట్టాం. మొదటి రోజు ముగ్గురు వచ్చారు. ఇప్పుడు పంతొమ్మిది మంది. మొదటి నెలంతా ఒళ్లు వంగక నవ్వులే. కానీ ఎంత నేర్పినా ఇరవై ఏళ్ల పిల్లలు పట్టుకోలేని అభినయం వీళ్ల దగ్గర ఉంది. విరహం అంటే ఏమిటో, అలక అంటే ఏమిటో వీళ్లకు పాఠం చెప్పక్కర్లేదు.

వాళ్లలో ఒకామె పదకొండేళ్ల తర్వాత కిందటి కార్తీకంలో సత్యభామ కట్టింది. పేరు చెబితే ఊరుకోదు. పాత పద్ధతిలో వాచికంతో ఆడదామన్నాం. కూచిపూడి మేళంలో పాత్రలు మాట్లాడతాయి, పాడతాయి. మనం సోలో నాట్యాలకు వచ్చాక ఆ నోరు కట్టేశాం. పెన్‌డ్రైవులో పాట, వేదిక మీద బొమ్మ. ఎదుటివాడితో మాట మానేశాక వాడు ఫోను తీశాడని ఏడిస్తే ఎలా? మా సత్యభామ మాట్లాడింది. ఆమె చెలికత్తె మాధవి కూడా మాట్లాడింది, తెర పక్కన నిలబడి, సగం సత్యభామతో, సగం జనంతో.

తెర మీదుగా జడ పడింది. మా అమ్మమ్మ అన్నట్టే ఎవరో వెనక నుంచి ఏదో అన్నారు, చప్పట్లలో వినపడలేదు. తర్వాత మాధవి అడిగింది, ‘నీ భర్త పేరేమిటమ్మా, చెప్పు.’ సత్యభామ సిగ్గుపడింది. మళ్లీ అడిగింది. సత్యభామ జడ తిప్పుకుంది. మాధవి జనం వైపు తిరిగి, ‘చూశారా, మొగుడి పేరు చెప్పదట’ అంది. ముందు వరసలో మా వీధికి కూరగాయలు తెచ్చే ముసలామె కూర్చుంది. నెలకు వంద ఇచ్చే 212 ఇళ్లలో ఆమెదీ ఒకటి. గట్టిగా, ‘అడక్కమ్మా, మేమూ చెప్పం!’ అంది. హాలంతా ఘొల్లుమంది. సత్యభామ ఆ మాట వదల్లేదు. ముసలామె వైపు చెయ్యి చాపి, ‘విన్నావా మాధవీ, పెద్దావిడే నా పక్షం’ అని అక్కడికక్కడ అల్లుకుపోయింది. అది పాఠంలో లేదు. గురువుగారు నట్టువాంగం దగ్గర నవ్వు ఆపుకోలేక తాళం ఒక్క చిటికె ఆలస్యం చేశారు, మృదంగం ఆయన సర్దేశారు.

తర్వాత ఉత్తరం ఘట్టం. కృష్ణుడికి ఉత్తరం తీసుకెళ్లమని సత్యభామ బతిమాలితే మాధవి ఏమంటుందో మీకు తెలుసు. నాకేమిస్తావు అంటుంది. ఈ నగ ఇస్తాను, ఆ నగ ఇస్తాను అంటే ఒప్పుకోదు, ముక్కర కావాలంటుంది. అదీ ఇప్పుడే, వెళ్లకముందే. ఆ ఘట్టం చూస్తూ మా మృదంగ విద్వాంసులు నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశారు. కార్యక్రమం రద్దయిందా అని అడిగింది ఆయనే.

నా సమయం అయిపోయిందని గంట కొడుతున్నారు. మా జమాఖర్చుల పుస్తకం తెచ్చాను, బయట మంచినీళ్ల బల్ల మీద పెడుతున్నాను. ఎవరైనా చూసుకోవచ్చు, కావాలంటే రాసుకోవచ్చు. బజ్జీల పద్దు మాత్రం నవ్వకుండా చదవండి. నమస్కారం.